మనసు జబ్బుల పరిశోధన – అందులో మన మాట

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఏటేటా ఈ సభలో చదువుల గురించో, జకాత్ వసూలు గురించో మాట్లాడమని మాకు పురమాయించేవారు. ఈ సంవత్సరము విషయాన్ని మేమే అడిగి తీసుకున్నాము. కార్యదర్శి గారు విని, "మాస్టర్ సాబ్, సాలానా జల్సాల పాగల్‌పన్ ముచ్చటేంది?" అన్నారు. వారి మాటలో తప్పు లేదు. మన దిక్కు ఒకరి మీద ఒకరికి కోపం వస్తే "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అనడం అలవాటు. ఎర్రగడ్డ అంటే ఒక ఆసుపత్రి అని తెలియక ముందే అది ఒక తిట్టు అని మన పిల్లలకు తెలుస్తున్నది. అయినా ఈ ముచ్చట చెప్పవలసిందే అని వారిని ఒప్పించాము. ఎందుకంటే ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది. దానిని పదిమందిలో చెప్పుకుంటే గాని మాకు నిమ్మళం లేదు.

కొన్ని సంవత్సరాల కింద మా మొహల్లాకు నలుగురు పిల్లలు సర్వే కాగితాలు పట్టుకొని వచ్చారు. మనసు ఆరోగ్యం గురించి ఇంటింటికీ అడుగుతున్నామన్నారు. కాగితం ఉర్దూలో ఉన్నది గాని, దానిని సాఫీగా చదవగలవారు వాళ్ళలో ఒక్కరే. ఆ ఒక్కరికీ మన నల్గొండ మాట రాదు. ఉర్దూ మీడియం పంతులు కదా అని మమ్మల్ని వెంట పెట్టుకున్నారు. మేమూ సంతోషంగానే పోయాము.

ఒక పాత విద్యార్థి ఇంటికి పోయినాము. వాళ్ళ అమ్మను మేము ఆపా అంటాము. (ఆమె అనుమతి తీసుకున్న తరువాతనే ఈ సంగతి చెబుతున్నాము. పేరు, గల్లీ మాత్రం చెప్పము.) ఆ పిల్లల చేతిలోని కాగితం అమెరికా డాక్టర్లు తయారుచేసి, ఇప్పుడు లోకమంతటా వాడుతున్న తొమ్మిది ప్రశ్నల పట్టిక. గత రెండు వారాలలో నీకు ఫలానా బాధ ఎన్ని రోజులు కలిగింది అని అడుగుతారు. అసలు లేదంటే సున్నా, దాదాపు ప్రతి రోజూ అంటే మూడు. అన్నీ కలిపితే 27 మార్కులు. మొదటి ప్రశ్న, పనుల మీద ఆసక్తి గాని సంతోషం గాని తగ్గిందా అని. ఆ కాగితంలో సంతోషానికి 'లుత్ఫ్' అని రాసి ఉన్నది. లుత్ఫ్ అనేది ముషాయిరాలలో వినబడే మాట. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు ఒక వితంతువును, "మీకు లుత్ఫ్ తగ్గిందా?" అని అడిగితే ఆమె ఏమి చెబుతుంది? ఆపా తల వంచుకొని మా వైపు చూసింది.

ఆ వారమే ఆమె బిడ్డకు మిర్యాలగూడ నుంచి రిష్తా మాట నడుస్తున్నది. బయట అరుగు మీద ఇద్దరు చుట్టాలు కూర్చొని ఉన్నారు. ఆపాకు ఒంట్లో బాగా లేదని మాకు తెలుసు. ఆరు నెలల నుంచి ఆమె మనిషి మనిషిలాగా లేదు. అయినా మేము ఏమి చేశామంటే, "సబ్ ఠీక్ హై, సున్నా వేసుకోండి" అన్నాము. అట్లా తొమ్మిదింటికీ మేమే జవాబు చెప్పాము. తొమ్మిది సున్నాలు పడ్డాయి. ఇజ్జత్ కాపాడినామని మనసులో సంబరపడ్డాము కూడా.

తరువాత రెండేళ్ళు ఆమె పడిన బాధ చెప్పరానిది. తిండి మానేసింది. నమాజుకు నిలబడితే రకాతులు గుర్తుండేవి కావు. చివరకు కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మందులు వాడి, నెమ్మదిగా కోలుకున్నది. బిడ్డ పెళ్ళీ అయిపోయింది. ఒక రోజు చాయ్ చేతికిస్తూ ఆమె అన్న మాట మా చెవిలో ఇంకా మోగుతున్నది. "మాస్టర్ సాబ్, సవాల్ మేరే కూ థా, జవాబ్ ఆప్ కాయ్‌కూ దియే?" ప్రశ్న నాకైతే జవాబు మీరెందుకు చెప్పిండ్రు అని. ఇంకా ఏమన్నదంటే, "ఆ పోరడు అడిగింది నాకు సమజ్ కాలే. పాలు పొంగుతుంటే లేచి దించబుద్ధి అయితదా అని అడిగితే చెప్పకపోదునా? ఆ దినాలల్ల పాలు పొంగి పొయ్యిల పడుతుంటే చూసుకుంట కూసుంటుంటి."

పెద్దలారా, ఇంత మంచి ప్రశ్నను తయారుచేసినది స్కూలు ముఖం చూడని మనిషి. జబ్బు ఆమెది గనుక ప్రశ్న ఆమెకు దొరికింది.

మేము రోజూ బడిలో ఇదే చూస్తుంటాము. లెక్కల పుస్తకంలో 'ముసల్లస్' అంటే పిల్లవాడు బిత్తరపోతాడు. సమోసా ఆకారం గీయరా అంటే టక్కున త్రిభుజం గీసి చూపిస్తాడు. లెక్క రాక కాదు వాడి తిప్పలు, ప్రశ్న అర్థం కాక. మనసు సంగతి అంతకన్న కష్టం. తెలుగు కాగితం మీద 'నిరాసక్తత', 'ఆత్మన్యూనత' అని ఉంటుంది. మన ఊళ్ళలో ఎవరంటారు ఆ మాటలు? రంది పెట్టుకున్నది అంటారు. మనాది పట్టుకున్నది అంటారు. బుగులైతున్నది అంటారు. మన ఇండ్లలో దిల్ ఘబ్‌రారా అంటారు, దిల్ బైఠ్ జారా అంటారు. మగవాళ్ళయితే అదీ అనరు, నడుము నొప్పి అంటారు, నిద్ర పడుతలేదంటారు. రందికీ బుగులుకూ మధ్య ఎంత తేడా ఉన్నదో తెలుగు తల్లి కడుపున పుట్టిన ఎవరికైనా తెలుసు. కాగితం రాసేవారు ఆ తేడా తెలిసినవారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే ఏమి పోతుంది?

అదీ నేటి మన విషయము. జబ్బు అనుభవించిన మనుషులు, వారిని చూసుకునే ఇంటివారు, చుట్టూ ఉన్న జనం – వీరు పరిశోధనకు ముడిసరుకు మాత్రమేనా, లేక అందులో ఏమి అడగాలి, ఎట్లా అడగాలి, వచ్చిన జవాబుతో ఏమి చేయాలి అని చెప్పే హక్కు కూడా వీరికి ఉన్నదా?

పరిశోధన అనే మాట నల్గొండకు కొత్త కాదు. 1955లోనే సిద్దీఖీ అనే డాక్టరు గారు నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. మన తాతల వంగిన వెన్నెముకలు లండనులో అచ్చయినవన్న మాట. తరువాత నాగపూర్‌లోని నీరీ సంస్థవారు పటిక, సున్నము కలిపి నీళ్ళలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి మన ఊరి పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ అంటే ఆఫ్రికా దేశాలలో కూడా తెలుసు. అది మంచి పద్ధతి, కాదనము. అయితే రోజూ పటిక కొలిచి, కలిపి, తేర్చి, అడుగు మడ్డి పారబోసే పని ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఆ బిందె మోసే ఆడమనిషిని ముందు కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్న అది.

ఇంత పరిశోధన జరిగినా నీళ్ళు రాలేదు. అప్పుడు జనం ఏమి చేశారో మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1996 పార్లమెంటు ఎన్నికలలో మన నల్గొండ స్థానానికి 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చింది. దేశమంతా నల్గొండ వైపు చూసింది. 2003లో జల సాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ గారు శివన్నగూడెం అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజ్‌పేయి గారి ముందుంచారు. ఎక్స్‌రేలు, లెక్కలు, వ్యాసాలు అప్పటికి ఎన్నో ఉన్నాయి. కాని ఆ మనిషి ఎదురుగా ఉంటే ఆ లెక్కల అర్థము వేరైపోయింది. స్వామి 2022లో కాలం చేశారు.

ఫ్లోరైడుకు ఎక్స్‌రే ఉన్నది. మనిషి నోరు మూసుకున్నా ఎముక చెబుతుంది. మనసు జబ్బుకు ఎక్స్‌రే లేదు. ప్రశ్నయే దానికి ఎక్స్‌రే మిషను. ఆ ప్రశ్న సరిగా లేకున్నా, మావంటివారు మధ్యలో చేయి అడ్డం పెట్టినా, ఫిలిం మీద ఏమీ పడదు. ఏమీ పడలేదు గనుక జబ్బు లేదంటారు. జబ్బు లేదు గనుక డాక్టరు అక్కరలేదంటారు. మేము వేయించిన తొమ్మిది సున్నాలు ఆపా ఒక్కతెకే కాదు, ఆ గల్లీ మొత్తానికీ పడిన సున్నాలు.

ఇంకొక సంగతి. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారి నాయకత్వంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగినది. పెద్దవారిలో నూటికి సుమారు 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని అందులో తేలింది. చాలా పెద్ద పని అది. కాని ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. తెలుగువారి రెండు రాష్ట్రాలలో ఒక్క గడప కూడా అందులో తొక్కలేదు.

ఇక్కడ కొందరికి ఒక అనుమానము రావచ్చును. మనసే బాగా లేని మనిషి మాటను పట్టుకొని పరిశోధన ఎట్లా చేస్తారు అని. ఈ అనుమానము చదువుకున్నవారికే ఎక్కువ. ఇంగ్లండులో జరిగిన సంగతి చెబుతాము. కరెంటు షాకు వైద్యం గురించి రోగులు ఏమనుకుంటున్నారని అంతకు ముందు జరిగిన 35 అధ్యయనాలను డయానా రోజ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కలిసి పరిశీలించి 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేశారు. వాటిలో 26 డాక్టర్లు చేసినవి, 9 రోగులు స్వయంగా గాని, రోగులతో కలిసి గాని చేసినవి. డాక్టర్లు అడిగిన చోట లాభం కలిగిందన్నవారు ఎక్కువ. రోగులు అడిగిన చోట తక్కువ. ఎందుకట్లా? వైద్యం చేసిన డాక్టరే, వైద్యం అయిన కొద్ది రోజులకే, ఆసుపత్రిలోనే, రెండు మూడు ప్రశ్నలతో అడిగితే ఎవరైనా బాగున్నదనే అంటారు. హెడ్‌మాస్టరు గారు క్లాసుకు వచ్చి "మీ పంతులు పాఠం బాగా చెబుతాడా?" అని మా ముందరనే అడిగితే పిల్లలు ఏమంటారో అదే. కనీసం మూడింట ఒక వంతు మంది జ్ఞాపకశక్తి పోయి మళ్ళీ రాలేదని చెప్పిన సంగతి కూడా ఆ వ్యాసంలో ఉన్నది. ఆ వైద్యం చెడ్డదని మేము చెప్పడం లేదు, అది డాక్టర్లు తేల్చవలసిన మాట. అడిగే మనిషి మారితే జవాబు మారుతుంది అన్నదే మా మనవి.

మన దేశంలో చట్టము కూడా ఈ వైపే వచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. పరిశోధన కోసం రోగిని కేవలం మాటలతో ప్రశ్నించాలన్నా అన్నీ వివరించి, బలవంతం లేకుండా ఆమె ఒప్పుదల తీసుకోవాలన్నది దానిలో 99వ సెక్షను. జబ్బు సంగతి రహస్యంగా ఉంచాలన్నది 23వ సెక్షను. రిష్తాల భయం ఉన్న మన ఇండ్లకు ఈ 23వ సెక్షను తాళం వంటిది. ఆ రోజు మాకు అది తెలిసి ఉంటే అరుగు మీది చుట్టాలను ముందు లేపి పంపేవాళ్ళము. కేంద్రంలో, రాష్ట్రంలో ఏర్పడే మానసిక ఆరోగ్య అథారిటీలలో జబ్బు అనుభవించినవారి ప్రతినిధులు, వారిని చూసుకునేవారి ప్రతినిధులు కూడా సభ్యులుగా ఉండాలని కూడా ఆ చట్టము చెబుతున్నది.

ఇక దర్గాల మాట. ఇది చెప్పకుండా పోతే మీరే వెనుక నుంచి అడుగుతారు. మనసు బాగా లేకుంటే ముందు దర్గాకు పోవడం మన జిల్లాలో హిందువులకూ ముస్లిములకూ ఉన్న అలవాటు. లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కేవారిలోనూ, జాన్‌పహాడ్ సైదులు దగ్గరికి పోయేవారిలోనూ ఇరువురూ ఉంటారు. అక్కడ మనసుకు కలిగే ఊరటను మేము తక్కువ చేయము. కాని తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగినది మరువరాదు. దర్గా పేరు చెప్పుకొని దాని చుట్టుపక్కల కొందరు నడిపిన ఆశ్రయాలలో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేసి ఉన్నందువల్ల లేచి పారిపోలేక 28 మంది చనిపోయారు. సుప్రీం కోర్టు తనంతట తానే ఆ సంగతి విచారణకు తీసుకున్నది. ఇప్పటి చట్టము మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. గుజరాత్‌లో మెహసాణా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉన్నది. అక్కడ 2008 నుంచి దవా, దువా రెండూ కలిపి నడిపారు. ముజావర్లు దువా చదివి, ఆ మనిషిని అక్కడే ఉన్న డాక్టరు దగ్గరకు పంపుతారు. ముజావర్లను తిట్టి పక్కకు నెట్టకుండా పనిలో భాగస్వాములను చేసుకున్నారు కాబట్టి అది నడిచింది. మందు వాడండి అని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు చెప్పిన సంగతి ఈ సభలో మేము గుర్తు చేయనక్కరలేదు. ఒంటికి వచ్చినట్లే మనసుకూ జబ్బు వస్తుందని, దానికీ వైద్యం ఉన్నదని వెయ్యేళ్ళ కిందట అబూ జైద్ బల్ఖీ గ్రంథమే రాశారు.

మన తెలుగు నేల మీద జరిగిన మంచి పని కూడా ఒకటి చెప్పాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలోనూ, హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద 133 గ్రామాలలో ఒక పరిశోధన చేశారు. అక్కడా అదే తొమ్మిది ప్రశ్నల పట్టికను వాడారు. కాని అడిగినది ఎవరు? ఆ ఊరి ఆశా కార్యకర్తలు. నిన్న పిల్లవాడికి టీకా వేయించిన అక్కయ్య వచ్చి అడిగితే చెప్పే తీరు వేరు. అంతే కాదు, సిగ్గు పోగొట్టడానికి ఊళ్ళలో నాటకాలు ఆడించారు, జబ్బు అనుభవించిన మనిషి తన నోటితో తన కథ చెబుతుంటే వీడియో తీసి చూపించారు. బాధ ఎక్కువగా ఉన్నవారి కుంగుబాటు మార్కులు ఈ పని నడిచిన ఊళ్ళలో మిగతా చోట్ల కంటే బాగా తగ్గాయని 2024లో ఫలితాలు అచ్చయ్యాయి. గోదావరి ఒడ్డున అయినది మూసీ ఒడ్డున ఎందుకు కాదు?

ఇంతకీ మనము ఏమి చేయగలము? 2019లో నల్గొండకు మెడికల్ కాలేజీ వచ్చింది, అదే సంవత్సరము బీబీనగర్ ఎయిమ్స్‌లో చదువులు మొదలైనవి. మహబూబ్‌నగర్‌కు అంతకు ముందే వచ్చింది. కాలేజీ అన్న చోట పరిశోధన ఉంటుంది, పరిశోధన అంటే పిల్లలు కాగితాలు పట్టుకొని మన గడపకు వస్తారు. రానీయండి, రావాలి. ప్రతి పరిశోధననూ ముందుగా చూసి మంచిచెడ్డలు తేల్చడానికి నైతిక సంఘము ఒకటి ఉంటుంది. ఐసీఎంఆర్ వారి 2017 నియమాల ప్రకారం అందులో డాక్టర్లతో పాటు వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య మనిషి కూడా ఉండి తీరాలి. ఇక్కడి భాష, ఇక్కడి మర్యాదలు తెలిసిన మనిషి. పెద్ద చదువు అవసరం లేదు, అక్షరజ్ఞానం ఉంటే చాలు. ఆ కుర్చీ ఎవరిది? మనదే. మన ముస్లిములదని కాదు, నల్గొండ జనానిది. ఆ కుర్చీలో కూర్చునేవారు ఎవరని అడిగే హక్కు మనకున్నది, మంచి మనిషిని సూచించే తెలివీ ఉన్నది. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. ఒప్పుదల కాగితం మన ఇండ్లలో అర్థమయ్యే ఉర్దూలో ఇవ్వండి అని అడగడం కొరివి పెట్టడం కాదు. అడిగి రాసుకొని పోయినవారు ఫలితం తేలిన తరువాత తిరిగి ఇదే బడి ఆవరణకు వచ్చి ఏమి తేలిందో చెప్పాలని కూడా అడుగుదాము. ఒక పూట కూలి పోగొట్టుకొని జవాబు చెప్పిన మనిషికి ఆ కూలి ఇవ్వమని అడుగుదాము. దీనికి వెరవకూడదు.

సొసైటీ తరఫున చదువరుల బృందము ఒకటి వేయాలని కార్యవర్గములో అనుకున్నాము. మన మొహల్లాకు ఏ సర్వే కాగితం వచ్చినా ముందు ఈ బృందం చదివి, అర్థం కాని మాట దగ్గర గీత గీసి, మన మాట రాసి ఇస్తుంది. వైద్యం తీసుకున్నవారు అందులో తప్పనిసరిగా ఉండాలి, సగం మంది ఆడవారు ఉండాలి. పేర్లు బయటకు రావు. ఎవరికైనా ఇప్పుడే మనసు బాగా లేకుంటే బృందం కోసం ఆగనక్కరలేదు, 14416 అనే నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. 2022 నుంచి ప్రభుత్వము నడుపుతున్న సేవ అది.

బృందంలోకి రమ్మని ఆపాను కూడా అడిగాము. వారం దినాలు ఏమీ చెప్పలేదు. తరువాత కొడుకుతో కబురు పంపింది. కూడిక ఎవరి ఇంట్లోనూ పెట్టవద్దట, బడి గదిలో జొహర్ తరువాత పెట్టాలట. మాస్టర్ సాబ్ ఉంటే ఉండవచ్చునట గాని, ఆమె నోరు తెరిచేదాకా ఆయన తెరవకూడదట. ఈ షరతులన్నీ మేము ఒప్పుకున్నాము. వచ్చే నెల మొదటి ఆదివారము మొదటి కూడిక. రాదలచినవారు సభ అయిన తరువాత మమ్మల్ని గాని, పరదా అవతల ఉన్న మహిళా విభాగం వారిని గాని కలవవచ్చును.